ఆర్ఎక్స్ 580 పక్కన ఇంకో 580 పెడితే గేమ్స్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) పెరుగుతుందా?

గోదారి_గట్టు (రాజమండ్రి), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. నా పీసీ 2019లో కట్టించుకున్నది. రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, ఆర్ఎక్స్ 580 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల పవర్ సప్లై. మానిటర్ 1080పీ, 75 హెర్ట్జ్. మా ఫ్రెండు వాడి పీసీ అమ్మేస్తున్నాడు, వాడి 580 నాకు 4,000కి ఇచ్చేస్తానంటున్నాడు. నా బోర్డు మీద రెండో పొడుగు స్లాట్ ఖాళీగానే ఉంది. యూట్యూబ్‌లో ఒకాయన రెండు 580లు పెట్టి ఫైర్ స్ట్రైక్ అనే టెస్టు నడిపితే గ్రాఫిక్స్ స్కోరు ఇంచుమించు రెట్టింపు వచ్చింది. అది చూసిన దగ్గర్నుంచీ మనసు అటే లాగుతోంది.

నేను ఆడేవి జీటీఏ 5, సైబర్‌పంక్ 2077, వాలొరెంట్. ఇండియానా జోన్స్ కొత్త గేమ్ కూడా ఆడాలని ఉంది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులండి, తప్పు చోట పెట్టకూడదని అడుగుతున్నాను. తీసుకోమంటారా?

పార్క్‌లేన్_బెంచ్ (సికింద్రాబాద్), శనివారం రాత్రి 10:05

తమ్ముడూ, పదిహేనేండ్ల సంది ఇక్కడి కంప్యూటర్ మార్కెట్ సీటీసీల పీసీలు కడుతున్న. పైసలు ఇయ్యకముందు మూడు సంగతులు చూస్కో.

ఒకటి, బోర్డు మాన్యువల్ తీసి రెండో స్లాట్‌కు ఎన్ని లేన్లు (డేటా పోయే దారులు) ఉన్నయో చదువు. పొడుగు చూసి నమ్మకు. బీ450 బోర్డులల్ల చాలా వాటికి ఆ స్లాట్ పైకి పదహారు లేన్లదాని లెక్క కనిపిస్తది గానీ లోపల నాలుగే ఉంటయి. అవి కూడ ప్రాసెసర్ నుంచి కాదు, చిప్‌సెట్ నుంచి వస్తయి, పీసీఐఈ 2.0 వేగంతోని.

రెండోది, మీ ఫ్రెండు కార్డు మీద జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం ఓపెన్ చేసి షేడర్స్ (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఎన్నున్నయో చూడు. 2304 ఉంటే అసలు 580. 2048 చూపెడితే అది పేరుకే 580, లోపలున్నది 570 సరుకే. డబ్బా మీద తేడా తెల్వది, కార్డు మీద స్టిక్కర్ల కూడ తెల్వది.

మూడోది, మైనింగ్‌ల నడిచిందా అని అడుగు. 2022 సెప్టెంబర్‌ల ఇథీరియం మైనింగ్ బంద్ అయినంక ఈ 570లు, 580లు కుప్పలు కుప్పలు మార్కెట్‌కొచ్చినయి. ఫ్యాన్లు అరిగిపోయి ఉంటయి, బయాస్ (కార్డు లోపలి మూల ప్రోగ్రాం) మార్చి ఉంటరు. కొందరు ఒరిజినల్ బయాస్ ఎక్కియ్యకుండనే అమ్ముతరు.

గేమ్స్ కోసం రెండో కార్డు పెట్టమని వచ్చినోళ్ళను 2017 తర్వాత నేను వాపస్ పంపిస్తున్న. బేరం పోయినా సరే.

ఫ్రేమ్_గ్యాప్ (బెంగళూరు), శనివారం రాత్రి 11:32

ఆ ఫైర్ స్ట్రైక్ స్కోరు అబద్ధం కాదు తమ్ముడూ. ఫైర్ స్ట్రైక్ డైరెక్ట్‌ఎక్స్ 11 (ఆటకీ కార్డుకీ మధ్య భాష లాంటిది) మీద నడిచే పరీక్ష, రెండు కార్డుల్నీ చక్కగా వాడుకునేలా రాశారు. ఎవరూ ఆడరు, ఎవరూ మౌస్ కదపరు, ప్రతిసారీ ఒకే దృశ్యం. ఆటలో పరిస్థితి అది కాదు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్న ప్రతి ఆర్నెల్లకీ వస్తుంది, "వద్దు" అని ఒక్క ముక్కలో చెప్పేసి వదిలేస్తున్నాం.

రెండు కార్డులు పని పంచుకునేది ఎక్కువగా ఒక్క పద్ధతిలోనే. మొదటి కార్డు 1, 3, 5 ఫ్రేములు గీస్తుంది, రెండోది 2, 4, 6. డైరెక్ట్‌ఎక్స్ 11 దాకా ఈ పంపకం చేసింది డ్రైవర్. లోపల రెండు కార్డులున్నాయని ఆటకి తెలియక్కర్లేదు. పెద్ద ఆట వచ్చినప్పుడల్లా కార్డు కంపెనీ ఇంజనీర్లు కూర్చుని దానికో ప్రొఫైల్ రాసేవాళ్ళు. మనం చూసిన ఎఫ్‌పీఎస్ అంతా వాళ్ళ చాకిరీ. 2015లో డైరెక్ట్‌ఎక్స్ 12, ఆ వెంటే వల్కన్ వచ్చాక ఆ బాధ్యత ఆట తయారుచేసేవాళ్ళ చేతికి పోయింది. వాళ్ళు రాస్తేనే రెండో కార్డు కదులుతుంది. రెండు కార్డులున్న ఇళ్ళు ఎన్ని ఉంటాయి గనక వాళ్ళు నెలల తరబడి దాని మీద కూర్చుంటారు? రాసినవాళ్ళు లేకపోలేదు. 2016లో యాషెస్ ఆఫ్ ద సింగులారిటీలో ఒక ఎన్విడియా కార్డు, ఒక ఏఎండీ కార్డు కలిపి నడిపించి చూపించారు. షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్ కూడా డైరెక్ట్‌ఎక్స్ 12లో రెండు కార్డుల్నీ బాగా వాడుకుంటుంది. అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అసలు పీటముడి ఇంకోటి ఉంది. ఇద్దరు రచయితలు ఒక సీరియల్‌ని వారం మార్చి వారం రాస్తున్నారనుకోండి. పోయిన వారం భాగం చదవకుండా ఈ వారంది రాయలేరు కదా. ఇప్పటి ఆటల్లో అంచులు నునుపు చేసే టీఏఏ, నీడలు, ప్రతిబింబాలు, అప్‌స్కేలింగ్ అన్నీ వెనకటి ఫ్రేములో ఏముందో చూసి ఈ ఫ్రేము గీస్తాయి. ఆ వెనకటి ఫ్రేమేమో పక్క కార్డు మెమరీలో ఉంది. అది స్లాట్ మీదుగా ఇటు రావాలి, వచ్చేదాకా ఈ కార్డు ఖాళీగా కూర్చోవాలి. ఇక రెండు కార్డులుండి లాభమేముంది?

మెమరీ కూడా కలవదు. 8కి 8 కలిపితే 16 అనుకోవద్దు. ఒకే టెక్స్చర్లు రెండు కార్డుల్లోనూ ఉండాలి కాబట్టి ఆటకి దక్కేది 8 జీబీయే.

ఇంకొకటి, ఎఫ్‌పీఎస్ కౌంటర్ మీద కనిపించని బాధ. ఒక ఫ్రేము 8 మిల్లీసెకన్లకి, తర్వాతది 25కి, మళ్ళీ 8, మళ్ళీ 25... ఇలా వచ్చాయనుకోండి. రెండు ఫ్రేములకి 33 మిల్లీసెకన్లు, అంటే సగటున 60 ఎఫ్‌పీఎస్. కౌంటర్‌లో 60 అనే చూపిస్తుంది. కంటికి మాత్రం 40 లాగే తగులుతుంది. దీన్నే మైక్రో స్టటర్ అన్నారు. 2013లో ఎన్విడియా ఎఫ్‌క్యాట్ అనే కొలత పద్ధతి బయటపెట్టాక ఇది అందరికీ గ్రాఫుల్లో కనబడింది. అదే ఏడాది ఆగస్టులో ఏఎండీ ఫ్రేములు సమానమైన ఎడంతో వచ్చేలా డ్రైవర్ ఇచ్చింది. తగ్గింది, పూర్తిగా పోలేదు.

డల్లాస్_డాబా (టెక్సస్), ఆదివారం ఉదయం 6:15

పైన చెప్పిన 8, 25 లెక్క నేను కళ్ళారా అనుభవించాను. 2015లో రెండు కార్డులు కొన్నాను. ఏ కంపెనీవో వదిలేద్దాం, ఆ రోజుల్లో ఇద్దరి పరిస్థితీ ఒకటే. కొత్త గేమ్ రిలీజైన రోజు ఆఫీసు నుంచి త్వరగా వచ్చి మొదలుపెడితే రెండో కార్డు నిద్రలో ఉండేది. ప్రొఫైల్ కోసం రెండు వారాలు ఆగాలి. అది వచ్చాక చెట్ల నీడలు మినుకు మినుకుమనేవి. గుర్రం మీద అడవిలో పోతుంటే నేలంతా దీపావళి కాకరపువ్వొత్తిలా మెరిసేది. ఆ మెరుపు పోవాలంటే రెండో కార్డు ఆపెయ్యాలి. ఆపేసే ఆట పూర్తి చేశాను.

మరుసటి ఏడాది రెండూ అమ్మి ఒకే పెద్ద కార్డు తీసుకున్నాను. కౌంటర్‌లో నంబరు కొన్ని ఆటల్లో ముందుకంటే తగ్గింది కూడా. అయినా మా ఆవిడ పక్కన కూర్చుని చూసి "ఇప్పుడు బొమ్మ కుదురుగా ఉంది" అంది. తనకి ఎఫ్‌పీఎస్ అంటే ఏమిటో తెలియదు.

పాత_మోడెమ్ (విజయవాడ), ఆదివారం ఉదయం 8:50

అబ్బాయిలూ, ఇది మొదట్లో నిజంగా పనిచేసింది. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ళ వూడూ2 కార్డులు రెండు పెట్టి లోపల చిన్న రిబ్బన్ కేబుల్‌తో కలిపితే, ఒక కార్డు సరి గీతలు, ఇంకోటి బేసి గీతలు గీసేవి. ఒక్క కార్డుతో 800×600 దాకే వచ్చే ఆట రెండింటితో 1024×768లో నడిచేది. ఎస్ఎల్ఐ అనే పేరు అక్కడిదే. అప్పట్లో దానర్థం స్కాన్ లైన్ ఇంటర్‌లీవ్. త్రీడీఎఫ్ఎక్స్ మూతపడే దశలో దాని ఆస్తులు ఎన్విడియా కొనుక్కుంది. 2004లో అవే మూడక్షరాలకి స్కేలబుల్ లింక్ ఇంటర్‌ఫేస్ అని కొత్త అర్థం చెప్పి మళ్ళీ తెచ్చింది. మరుసటి ఏడాది ఏటీఐ (తర్వాత ఏఎండీలో కలిసిన కంపెనీ) అలాంటిదే క్రాస్‌ఫైర్ అని తెచ్చింది.

వూడూ కాలంలో ఒక గీతకి పక్క గీతతో పనిలేదు. ఫ్రేము గీసి అవతల పారేస్తే అయిపోయేది. అందుకే సగం సగం పంచుకోవడం అంత సులువైంది. ఫ్రేమ్_గ్యాప్ గారు చెప్పిన సీరియల్ పోలిక సరిగ్గా అతికింది. ఆ రోజుల్లో అవి విడివిడి కార్టూన్లు, ఇప్పుడివి సీరియల్.

ఒకే బోర్డు మీద రెండు చిప్‌లు పెట్టిన కార్డులు కూడా వచ్చాయి. 2014లో వచ్చిన ఆర్9 295ఎక్స్2 ఒక్కటే 500 వాట్లు లాగేది, చల్లబరచడానికి నీళ్ళ కూలర్ దాంతోపాటే ఇచ్చేవారు. ఆ వరస అక్కడితో దాదాపు ఆగిపోయింది.

రెండు_పదకొండ్లు (హైదరాబాద్), ఆదివారం ఉదయం 11:20

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, రెండో వైపు కూడా వినండి. నా దగ్గర రెండు జీటీఎక్స్ 1080 టీఐలు ఉన్నాయి, ఒక్కోటి 11 జీబీ. 4కే టీవీ మీద బ్యాటిల్‌ఫీల్డ్ 1, జీటీఏ 5 ఆడతాను. రెండు కార్డులూ నిండుగా పనిచేస్తాయి, ఒక్క కార్డుతో రాని నునుపు రెండింటితో వస్తుంది. నాకు కొత్త గేమ్స్ మీద ఆసక్తి లేదు. నేను ఆడే నాలుగు ఆటలకి ఇదే సరిపోయింది, ఆరేళ్ళుగా సంతోషంగా ఉన్నాను. "ఎస్ఎల్ఐ ఎప్పుడూ పనిచేయలేదు" అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

ఫ్రేమ్_గ్యాప్ (బెంగళూరు), ఆదివారం ఉదయం 11:41

మీ మాటతో నాకు పేచీ లేదండి. 2015, 16 నాటి డైరెక్ట్‌ఎక్స్ 11 ఆటలు, 4కే రిజల్యూషన్, రెండు బలమైన కార్డులు, రెండింటికీ ఎనిమిదేసి లేన్లు ఇచ్చే బోర్డు ఉన్నప్పుడు అది బ్రహ్మాండంగా నడిచింది. మీరు సరిగ్గా ఆ చోటే ఉన్నారు. ఆ తలుపు ఇప్పుడు మూసేశారు. 2021 జనవరి 1 నుంచి పాత కార్డులకి కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్ళు ఆపేస్తున్నామని ఎన్విడియా ముందే చెప్పింది. 30 సిరీస్‌లో ఆడేవాళ్ళ కార్డుల్లో 3090, 3090 టీఐలకే రెండు కార్డుల్ని కలిపే ఎన్వీలింక్ ఉంచారు, 2022లో 4090 వచ్చేసరికి అదీ లేదు. ఏఎండీ 2019లో ఆర్ఎక్స్ 5700 నుంచే క్రాస్‌ఫైర్ వదిలేసింది. మన తమ్ముడి 580 విషయానికొస్తే, 2023 నవంబర్ నుంచి ఆ తరం కార్డులకి వేరే డ్రైవర్ శాఖ పెట్టి అత్యవసరమైన అప్‌డేట్లే ఇస్తున్నారు. కొత్త ఆటకి క్రాస్‌ఫైర్ ప్రొఫైల్ వస్తుందన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు.

కొండాపూర్_కీబోర్డ్ (హైదరాబాద్), ఆదివారం మధ్యాహ్నం 1:10

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నా లాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు చూపిస్తోంది. అంటే నాకు రెండు కార్డులున్నట్టేనా? రెండూ కలిపి వాడేలా చేయొచ్చా?

పార్క్‌లేన్_బెంచ్ (సికింద్రాబాద్), ఆదివారం మధ్యాహ్నం 1:18

ఒకటి ప్రాసెసర్‌లనే ఉన్న చిన్న గ్రాఫిక్స్, ఇంకోటి అసలు కార్డు. బ్యాటరీ కాపాడేందుకు ఒకదాని నుంచి ఒకదానికి మారుతయి, ఆట మాత్రం పెద్దదాని మీదనే నడుస్తది. గట్లనే ఉండనియ్యి, కదిలియ్యకు.

రెండర్_రాత్రి (హైదరాబాద్), ఆదివారం సాయంత్రం 4:30

నేను యానిమేషన్ పనిచేస్తాను. నా మెషీన్‌లో రెండు 3090లు ఉన్నాయి. బ్లెండర్‌లో సైకిల్స్ మీద ఒక కార్డుకి గంట పట్టే రెండర్ రెండింటితో అరగంటకి కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. అదే మెషీన్‌లో రాత్రి గేమ్ పెడితే రెండో కార్డు ఫ్యాన్ కూడా తిరగదు. రెండర్‌లో పని ముక్కలు ముక్కలుగా విడిపోతుంది, ఏ ముక్కకీ ఇంకో ముక్కతో సంబంధం లేదు, 16 మిల్లీసెకన్లలో తెర మీదకి రావాలన్న తొందరా లేదు. ఇంట్లో సొంతంగా ఏఐ మోడళ్ళు నడుపుకునేవాళ్ళు కూడా రెండు కార్డులు పెడుతున్నారు, అక్కడ మోడల్‌ని రెండు మెమరీల్లోకి పంచి పెట్టొచ్చు. మీ అవసరం గేమ్స్ ఒక్కటే అయితే నా మెషీన్ చూసి ఆశపడొద్దు.

ఉక్కపోత (విశాఖపట్నం), ఆదివారం రాత్రి 7:45

ఎవరూ కరెంటు ఊసెత్తలేదు. ఒక్కో 580 185 వాట్లు. రోజుకి నాలుగు గంటలు ఆడితే రెండో కార్డు వల్ల నెలకి 22 యూనిట్లు అదనం. రెండు కార్డులకి 370, ప్రాసెసర్‌కి 65, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు వేరే. 550 వాట్ల పాత పవర్ సప్లై మీద ఇది దాదాపు అంచు. యూపీఎస్ ఉందా తమ్ముడూ? ఇళ్ళల్లో ఉండే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్ల దాకే మోస్తాయి. కరెంటు పోయిన మరుక్షణం పీసీ కూడా పోతుంది.

వేడి సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వీధిలో ఒకబ్బాయికి రెండు కార్డుల పీసీ ఉండేది. కింద కార్డు వదిలిన వేడిగాలే పై కార్డు పీల్చుకునేది, మధ్యలో రెండు వేళ్ళు దూరేంత సందు. మే నెలలో క్యాబినెట్ పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని ఆడేవాడు. సముద్రపు గాలికి లోపల స్క్రూలన్నీ తుప్పు పట్టాయి.

గోదారి_గట్టు (రాజమండ్రి), మంగళవారం రాత్రి 10:55

అందరికీ చాలా థ్యాంక్సండి. మా ఫ్రెండు రెండు రోజులు కార్డు ఇచ్చి "పెట్టి చూసుకో, నచ్చితేనే డబ్బులివ్వు" అన్నాడు. చూసింది చూసినట్టు చెబుతాను.

ముందు జీపీయూ-జెడ్. పార్క్‌లేన్ అన్న చెప్పినట్టే 2048. వాడికి కూడా తెలియదు పాపం, అసలు 580 అనుకునే కొన్నాడు. స్క్రీన్‌షాట్ పంపితే చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మాన్యువల్‌లో రెండో స్లాట్ నాలుగు లేన్లే, 2.0.

రెండూ పెట్టి క్రాస్‌ఫైర్ ఆన్ చేశాను. జీటీఏ 5 బోర్డర్‌లెస్ విండోలో పెడితే అసలు ఏ తేడా లేదు, పూర్తి స్క్రీన్‌కి మార్చాకే రెండో కార్డు కదిలింది. రోడ్డు పక్కన నిలబడి చూస్తే కౌంటర్‌లో నంబరు బాగానే పెరిగింది, ఒక్క నిమిషం చాలా ఆనందం వేసింది. కారెక్కి హైవే మీద తోలాను. వంతెన దిగే మలుపు దగ్గర రోడ్డు పక్క కమ్మీలు సాఫీగా జారిపోకుండా తడబడుతూ, ఒకటి ఆగి రెండు గెంతినట్టు వచ్చాయి. అదే మలుపు ఒక్క కార్డుతో తోలాను. నంబరు తక్కువ, కమ్మీలు మాత్రం వరసగా పోయాయి. నాలుగైదు సార్లు మార్చి మార్చి చూశాను. ఫ్రేమ్_గ్యాప్ గారు చెప్పిన 8, 25 ఇదేనా అనిపించింది.

సైబర్‌పంక్‌లో, వాలొరెంట్‌లో టాస్క్ మేనేజర్ చూస్తే రెండో కార్డు వాడకం సున్నా. ఒక్క ఫ్రేము కూడా పెరగలేదు. పై కార్డు వేడి మాత్రం ముందుకంటే పెరిగింది.

కార్డు తిరిగిచ్చేస్తున్నాను. మరి నా దగ్గరున్న డబ్బుకి ఏం చేయమంటారు?

ఫ్రేమ్_గ్యాప్ (బెంగళూరు), మంగళవారం రాత్రి 11:20

అవును, అదే. ఓపిగ్గా ఒకే మలుపు మళ్ళీ మళ్ళీ తోలి చూశావు చూడు, అలా చూస్తేనే తెలుస్తుంది.

నీ జాబితాలో ఇండియానా జోన్స్ ఉంది కదా. దానికి రే ట్రేసింగ్ (వెలుగు పోయే దారిని లెక్కగట్టి గీయడం) హార్డ్‌వేర్ కార్డులోనే ఉండాలి. 580లో లేదు. నాలుగు 580లు పెట్టినా లేనిది రాదు. ఆ ఆటకి వాళ్ళు చెప్పిన కనీస ఏఎండీ కార్డు ఆర్ఎక్స్ 6600. నువ్వు వెతకాల్సిందీ అదే అనుకుంటాను. 8 జీబీ, 132 వాట్లు, అంటే నీ ఒక్క 580 కంటే తక్కువ కరెంటు. ఒకే ఒక్క 8 పిన్ కేబుల్ చాలు, నీ పవర్ సప్లై మార్చక్కర్లేదు. నీ బోర్డు పీసీఐఈ 3.0 కాబట్టి కొంచెం వేగం తగ్గుతుంది, 1080పీలో దాని గురించి బెంగ పడకు.

ఆ ఆట కనీస ప్రాసెసర్ రైజెన్ 5 3600 అడుగుతుంది, నీది 2600. అది తర్వాత చూసుకోవచ్చు. బయాస్ అప్‌డేట్ చేస్తే బీ450 మీద 5000 సిరీస్ కూడా కూర్చుంటుంది. ముందు కార్డు.

డల్లాస్_డాబా (టెక్సస్), బుధవారం ఉదయం 7:02

6600 వచ్చాక పాత 580ని అమ్మేసే ముందు ఒక ప్రయోగం చెయ్యొచ్చు. లాస్‌లెస్ స్కేలింగ్ అని స్టీమ్‌లో ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. ఆట మొత్తం పెద్ద కార్డు మీదే నడుస్తుంది, మధ్యలో కల్పించి చేర్చే ఫ్రేముల పని మాత్రం రెండో కార్డుకి అప్పజెప్పొచ్చు. మానిటర్ కేబుల్ రెండో కార్డుకి పెట్టాలి. రెండో కార్డుకి ఈ కాలంలో గేమర్ దగ్గర మిగిలిన కొత్త ఉద్యోగం ఇదొక్కటే.

1080పీ ఫ్రేము ఒకటి సుమారు 8 ఎంబీ, సెకనుకి 60 అంటే 500 ఎంబీ. ఆ నాలుగు లేన్ల స్లాట్ దాదాపు 2 జీబీ మోస్తుంది కాబట్టి ఇరుకు కాదు. వచ్చేవి కల్పిత ఫ్రేములే, మౌస్ స్పందన మెరుగవదు. వాలొరెంట్‌లో వాడొద్దు.

పాత_మోడెమ్ (విజయవాడ), బుధవారం ఉదయం 9:30

ఇంకో చిన్న ఉద్యోగం ఉండేది. 2025లో వచ్చిన ఎన్విడియా 50 సిరీస్ కార్డుల్లో 32 బిట్ ఫిజ్‌ఎక్స్ (పొగ, ముక్కల కదలికలు లెక్కగట్టేది) తీసేసేసరికి పాత మిర్రర్స్ ఎడ్జ్, బోర్డర్‌ల్యాండ్స్ 2 లాంటి ఆటల్లో పొగ, గాజు ముక్కలు వచ్చినప్పుడల్లా వేగం పడిపోయింది. కొందరు అటకెక్కించిన పాత ఎన్విడియా కార్డు దించి, ఆ ఒక్క పనికీ రెండో స్లాట్‌లో పెట్టుకున్నారు. 2025 డిసెంబర్ డ్రైవర్‌లో ఈ ఆటలకి అది మళ్ళీ ఇచ్చారు. మన తమ్ముడికి అక్కరకు రాదు, దారిలో ఎవరైనా చదివితే తెలుస్తుందని రాస్తున్నాను.

పార్క్‌లేన్_బెంచ్ (సికింద్రాబాద్), బుధవారం మధ్యాహ్నం 12:40

సెకండ్ హ్యాండ్ 6600 కొనేటప్పుడు అమ్మేటోని ముంగటనే అర్ధగంట ఆట నడిపియ్యమను. ఫ్యాన్ల చప్పుడు విను, స్క్రూల మీద స్టిక్కర్ చిరిగిందా చూడు. బిల్లుంటే సీరియల్ నంబర్ కార్డు మీదున్న దానితోని కలుపుకో. రెండు వందలు తక్కువకు ఇస్తా అని బిల్లు లేని కార్డు చూపెడితే తీసుకోకు.

గోదారి_గట్టు (రాజమండ్రి), మరుసటి ఆదివారం రాత్రి 9:15

తెచ్చుకున్నానండి. కాకినాడలో ఒకాయన దగ్గర, బిల్లుతో సహా. పార్క్‌లేన్ అన్న చెప్పినట్టు వాళ్ళింట్లోనే అర్ధగంట ఆడి చూశాను. ఆయన టీ కూడా ఇచ్చారు. నా 580 అమ్మిన డబ్బు కలిపితే సరిపోయింది, అందుకని లాస్‌లెస్ ప్రయోగం చేయలేకపోయాను డల్లాస్ అన్నా.

ఇంటికొచ్చి ముందు అదే వంతెన మలుపు తోలాను. నంబరు రెండు కార్డులప్పటి కంటే ఎక్కువ, కమ్మీలు ఒక్కటి కూడా తడబడలేదు. సైబర్‌పంక్‌లో సెట్టింగులు ఒక మెట్టు పెంచినా హాయిగా ఉంది. ఇండియానా జోన్స్ డౌన్‌లోడ్ అవుతోంది, మా ఇంటి నెట్‌కి రేపు సాయంత్రం దాకా పడుతుంది.

మా ఫ్రెండు కార్డు వాళ్ళ చిన్నాన్న కొడుక్కి ఇచ్చేశాడు. వాడి పీసీలో ఇంతవరకు అసలు కార్డే లేదు. 2048 అయినా వాడికి కొత్త లోకమే కదా. బయాస్ ఒకసారి చూడమన్నారు, మైనింగ్‌లో నడిచిందేమోనని అనుమానం. ఒరిజినల్ బయాస్ మళ్ళీ ఎక్కించే పద్ధతి ఎవరైనా చెబుతారా? ఈ శనివారం వాళ్ళింటికి వెళ్తున్నాను.

పార్క్‌లేన్_బెంచ్ (సికింద్రాబాద్), మరుసటి ఆదివారం రాత్రి 9:28

కార్డు అంచుకు చిన్న స్విచ్ ఉందా చూడు ముందు. కొన్నిటికి రెండు బయాస్‌లు ఉంటయి. ఉంటే పీసీ ఆపి, అటు జరిపి ఆన్ చెయ్యి. లేకుంటే శనివారం పొద్దుగాల నాకు మెసేజ్ పెట్టు, ఒక్కొక్కటి చెప్త.